నారాయణఖేడు సీమలో బడి గడప

హైదరాబాదు నగరమునకు వాయవ్య దిశను, మంజీరా నది పరీవాహక ప్రాంతములో, నారాయణఖేడు అను పట్టణము కలదు. నేడు అది సంగారెడ్డి జిల్లాలోనిది. 2016 వరకు మెదకు జిల్లాలో ఉండెను. 1956 నవంబరు 1వ తేదీకి పూర్వము మెదకు జిల్లాతోను దానికి పొత్తు లేదు. బీదరు జిల్లాలో అది ఒక తాలూకా. రాష్ట్ర పునర్వ్యవస్థీకరణ చట్టము ఆ జిల్లా నుండి నారాయణఖేడు తాలూకాను, న్యాల్కల్ సర్కిలును, నిర్ణా సర్కిలు మినహా జహీరాబాదు తాలూకాను విడదీసి ఆంధ్రప్రదేశమునకు ఇచ్చినది. ఊరు ఉన్నచోటనే ఉన్నది. దాని చుట్టు గీచిన గీతలు మారినవి.

అంగడినాడు ఆ సీమలో తెలుగు, కన్నడము, మరాఠీ, ఉర్దూ, లంబాడీ పలుకులు ఒకే కొట్టు ముందర వినవచ్చును. ఊరి పేరులోని ‘ఖేడు’ అను మాటయే మరాఠీ దేశపు పల్లెల పేళ్లలో కనబడునది. అంగడిలో ఇన్ని భాషలవారు పక్కపక్కన నిలువగలిగిరి. బడిలో అట్లు కూర్చుండలేకపోయిరి. ఏ వాడ నుండి వచ్చిన బిడ్డ గడప దాటి లోపల కూర్చుండును, ఏ బిడ్డ వాకిటనే నిలిచిపోవును అనునది ఈ ప్రాంతమును తరతరములుగా పట్టి ఉన్న ప్రశ్న. ఆ గడపను గురించియే మేమిక్కడ ముచ్చటింపదలచితిమి.

బడిలో వివక్ష అనగానే చదువుకొన్న మనవారికి మొదట అమెరికా తలపునకు వచ్చును. 1954 మే 17వ తేదీన ఆ దేశపు అత్యున్నత న్యాయస్థానము తెల్ల పిల్లలకు ఒక బడి, నల్ల పిల్లలకు వేరొక బడి నడుపుట రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. 1957లో లిటిల్ రాక్ అను నగరమున తొమ్మండుగురు నీగ్రో విద్యార్థులను ఉన్నత పాఠశాలలోనికి చేర్చుటకు అధ్యక్షుడు సైన్యమును పంపవలసివచ్చెను. ఆ కథ లోకమంతయు ఎరుగును. కాని దానికి నూరేండ్లకు ముందే మన దక్కనులో ఇదే వ్యాజ్యము నడచినదని ఎంతమంది ఎరుగుదురు?

1856లో ధార్వాడ పట్టణములో మహారు కులమునకు చెందిన ఒక బాలుడు సర్కారు బడిలో తన్ను చేర్చుకొనవలెనని కోరెను. చేర్చుకొనలేదు. అతడు బొంబాయి ప్రభుత్వమునకు అర్జీ పెట్టుకొనెను. న్యాయము బాలుని పక్షమున ఉన్నదని దొరలకు తెలియకపోలేదు. కాని ఒక్కనిని చేర్చినచో తక్కిన పిల్లలందరు లేచిపోయెదరు, బడియే మూతపడును అని వారు వెనుకాడిరి. సంగతి సముద్రము దాటి కంపెనీ డైరెక్టర్ల వరకు పోయినది. ప్రభుత్వ విద్యాలయములు సకల వర్గములకు తెరచియుండవలసినవే అని 1858లో వారు తేల్చి చెప్పిరి. 1882 నాటి హంటరు విద్యా సంఘము ఆ సూత్రమును మరల అంగీకరించుచునే, అవసరమైనచోట ఈ వర్గములకు ప్రత్యేకముగా బడులు తెరువవచ్చునని సలహా యిచ్చినది. సూత్రము కాగితముపై నిలిచినది; బాలుడు గడప బయట నిలిచెను.

బొంబాయి, మద్రాసు రాజధానులలో ఆమాత్రపు కాగితమైనను ఉండెను. 1893లో మద్రాసు ప్రభుత్వము పంచముల విద్య నిమిత్తము ప్రత్యేక ఉత్తరువులు జారీచేసినది. అయినను గుంటూరు సీమలోని వినుకొండలో 1895లో జన్మించిన గుఱ్ఱము జాషువగారు బడిలో చేరిన నాటినుండి కులము పేర అవమానములు పడవలసివచ్చినది. ఆ కవియే పిమ్మట మద్రాసు రేడియో కేంద్రములో 1957 నుండి 1959 వరకు కార్యక్రమ నిర్మాతగా పనిచేసిరి. ఏ యిండ్లవారు ఆయనను వాకిటనే నిలిపియుందురో ఆ యిండ్ల నడిమి గదిలోనికే ఆయన కూర్చిన కార్యక్రమములు అడుగకుండనే ప్రవేశించినవి. రేడియో చేసిన మేళ్లలో దీనినిగూడ లెక్కవేయవలెనని మా అభిప్రాయము.

నారాయణఖేడు నిజాం సంస్థానములోనిది. అచట స్థితి ఇంకను దుర్భరము. 1951 జనగణన నాటికి కూడ హైదరాబాదు రాష్ట్రములో అక్షరము తెలిసినవారు నూటికి పదిమందికి లోపే. ప్రాథమిక దశ దాటినచో బోధన ఉర్దూలో. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఒక భారతీయ భాషలో ఉన్నత విద్య గరపిన గొప్ప ప్రయత్నమే. ఆ ఘనతను మేము కాదనము. కాని ఇంట తెలుగో కన్నడమో లంబాడీయో పలికెడి పల్లె పిల్లవానికి మాత్రము అది రెండవ గడప. 1928లో మాడపాటి హనుమంతరావుగారు మొదలగు పెద్దలు హైదరాబాదులో తెలుగు మాధ్యమముతో బాలికల ఉన్నత పాఠశాల నెలకొల్పినప్పుడు, దానికి గుర్తింపు కొరకు దూరమున పూనాలో కార్వేగారు స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయమును ఆశ్రయింపవలసివచ్చెను. నగరములోని మధ్యతరగతి కుటుంబముల ఆడపిల్లలకే ఈ పాటు పడవలసివచ్చినప్పుడు, పల్లెలో ఊరి వెలుపలి వాడకు చెందిన బిడ్డ మాట చెప్పనేల?

మొదటి గడప సంగతి చూతము. వీధిబడి ఎక్కడ ఉండెడిది? పంతులుగారి ఇంటి అరుగుమీదనో, గుడి మంటపములోనో, గ్రామాధికారి చావడిలోనో. ఈ మూడు తావులును ఊరి నడుమ ఉన్నవే. మాల మాదిగ వాడలు ఊరి వెలుపల, లంబాడీల తండాలు మరికొంత దూరమున. ఫలానావారు రాకూడదని అరుగుమీద పలక వ్రాసి పెట్టనక్కరలేదు. అరుగు ఉన్న వీధిలోనికే వారు రాకూడదు. వచ్చినను చెప్పులు చేతబట్టుకొని, తలవంచుకొని నడువవలెను. అట్టి వీధిలో ఏ తండ్రి తన బిడ్డ చేతికి పలక యిచ్చి పంపును? లిటిల్ రాక్‌లో బడి ముందర జనము గుమిగూడి కేకలు వేసిరి గనుక ఛాయాచిత్రములు మిగిలినవి. మన పల్లెలలో అడ్డు నిలిచినది ఊరి కట్టుబాటు. దానికి ఛాయాచిత్రము లేదు.

ఇట్టి సంస్థానములోనే, దాని రాజధానిలోనే, ఈ గడపను తొలగించుటకు తామే పూనుకొనినవారు కలరు. 1888 మే 22వ తేదీన హైదరాబాదులో మాల కుటుంబమున జన్మించిన భాగయ్యగారు పిమ్మట భాగ్యరెడ్డి వర్మ అను పేర ప్రసిద్ధులయిరి. 1906లో వారు జగన్మిత్ర మండలిని స్థాపించి హరికథలు, భజనలు, ఉపన్యాసముల ద్వారా వాడలలో ప్రచారము సాగించిరి. 1910లో ఇసామియా బజారు, లింగంపల్లి ప్రాంతములలో పాఠశాలలు తెరచిరి. సర్కారు భాష ఉర్దూ అయినను ఈ బడులలో బోధన తెలుగులో. ఎవరి అనుమతికో ఎదురుచూచి, ఎవరి అరుగో ఖాళీ అగునని కాచుకొని తెరచినవి కావు. తమ వాడలలో, తమవారి చందాలతో, తమ పిల్లలకొరకు తెరచినవి. క్రమముగా బడుల సంఖ్య 26కు పెరిగి, చదువుకొను పిల్లల సంఖ్య సుమారు 2,500కు చేరినది.

ఈ అంకెను ఒక నిమిషము ఆగి చూడుడు. పెద్ద పెద్ద జాగీర్దారులు, దేశముఖులు ఉన్న రాజ్యములో, చదువు తమకు తగదని లోకము చెప్పిన జనము ఇరువదియారు బడులు నడిపిరి. పాకీపని, కూలిపని, దొరల ఇండ్లలో ఊడిగము చేసుకొనువారు అర్ధణా, అణా కూడబెట్టి పంతులుకు జీతమిచ్చిరి. భాగ్యరెడ్డి వర్మగారు బాల్యవివాహములను, మద్యపానమును, ఆడపిల్లలను జోగినులుగా విడుచుటను ఖండించుచు తిరిగినదియు ఈ బడులకొరకే అనుకొనవచ్చును. ఏలయన తాగుడు మానని ఇంటనుండి చందా రాదు, జోగినిగా విడిచిన పిల్ల బడికి రాదు.

1917 నవంబరులో బెజవాడలో పంచముల మహాసభ జరిగినప్పుడు వారు అధ్యక్షత వహించిరి. ‘పంచములు’ అను పేరు తమకు తగదని, తాము ఈ నేలకు ఆదివాసులము, ఆది ఆంధ్రులము అని అచట వాదించి నెగ్గిరి. నిజాం రాజ్యములో ఆ భావమే ‘ఆది హిందువులు’ అను పేరయి, 1931 జనగణన పట్టికలకు ఎక్కినది. పేరు మార్చినంత మాత్రాన ఏమగును అని పెదవి విరుచువారు ఆ నాడును ఉండిరి. బడి హాజరుపట్టీలో తన పేరు పక్కన ఏ మాట వ్రాసెదరో అని జంకి నిలిచిన పిల్లవానిని అడిగినచో ఏమగునో చెప్పును.

1930లలో సంస్థాన ప్రభుత్వము ఈ పాఠశాలలను తన యాజమాన్యములోనికి తీసికొనినది. ఇచట మాకొక సందేహము కలుగుచున్నది. దీనిని జయమందుమా, అపజయమందుమా? ప్రజాధనముతో నడువవలసిన బడులు ప్రజాధనముతో నడచుట జయమే. పేదల చందాలతో బడి నడుపుట శాశ్వతముగా సాగునది కాదు. కాని సర్కారు స్వీకరించినది ‘ఆది హిందూ’ బడులను. సర్కారు బడులలోనికి ఆది హిందూ పిల్లలను కాదు. గడప తొలగలేదు. గడపకు ఇవతల మరియొక ఇల్లు వెలసినది, అంతే. అమెరికాలో వేరు బడులు పాలకులు రుద్దినవి గనుక వానిని కూలద్రోయుటయే విముక్తి అయినది. మనకు వేరు బడి బాధితులు స్వయముగా కట్టుకొన్న నీడ. ఈ భేదమును విస్మరించి ఆ దేశపు తీర్పును ఇచటికి యథాతథముగా తెచ్చి అతికించుట సరికాదని మా తలపు.

నగరములో ఇంత జరిగినను దాని అలలు నారాయణఖేడు వంటి దూర తాలూకాకు చేరుటకు చాలకాలము పట్టినది. 1930 మార్చిలో మెదకు జిల్లా జోగిపేటలో సురవరము ప్రతాపరెడ్డిగారి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలిసారి సమావేశమయినది. జోగిపేట నారాయణఖేడుకు దూరము కాదు. కాని మధ్యన జిల్లా సరిహద్దు. అటు తెలుగు ఉద్యమము, ఇటు బీదరు. ఏ భాషా ఉద్యమమునకును తన ఊరుగా లెక్కకు రాకపోవుట సరిహద్దు ఊరికి కలుగు కష్టములలో ఒకటి. ఔరంగాబాదు కూడ నాడు ఈ సంస్థానములోనిదే. అచట 1950లో అంబేద్కరుగారి పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ కళాశాల తెరచినప్పుడు మరఠ్వాడా దళిత యువకులకు ఉన్నత విద్య అందుబాటులోనికి వచ్చినది. తెలుగు భాగమున అట్టి కళాశాల వెలయలేదు. అయినను వ్యక్తులు వెలసిరి. 1918లో సికింద్రాబాదు చిలకలగూడలో జన్మించిన ఈశ్వరీబాయిగారు ఉపాధ్యాయినిగా జీవితము ప్రారంభించి, తమ పేటలో తామే ఒక బడి నెలకొల్పి, పిమ్మట 1967లోను, 1972లోను ఎల్లారెడ్డి నియోజకవర్గము నుండి శాసనసభకు ఎన్నికయిరి.

1950 జనవరి 26వ తేదీన అంటరానితనము రాజ్యాంగముచేత రద్దయినది. ప్రభుత్వ ధనముతో నడచు విద్యాలయములో మతము, జాతి, కులము, భాష కారణముగా ఎవరికిని ప్రవేశము నిరాకరింపరాదని 29వ అధికరణము చెప్పినది. 1955 చట్టము అట్టి నిరాకరణను శిక్షార్హమైన నేరముగా చేసినది. అంతటితో బడి తలుపు తెరచుకొన్నదనుట నిజమే. తలుపు తెరచుకొన్న పిమ్మట గడప ఎచటికి పోయినది? గది లోపలికి పోయినది. అంబేద్కరుగారు బాల్యమున సతారా బడిలో చదువునప్పుడు కూర్చుండుటకు ఇంటినుండి గోనెపట్టా తెచ్చుకొనెడివారు; నౌకరు వచ్చి పోసిననే నీరు, నౌకరు రాని నాడు దప్పికయే. అప్పటి మాట యిది, ఇప్పుడు ఎక్కడిది అందురేమో. మధ్యాహ్న భోజనము వండు పనిలో దళితులకు, గిరిజనులకు ప్రాధాన్యమీయవలెనని 2004 ఏప్రిలులో సుప్రీంకోర్టు ఆదేశింపవలసివచ్చినది. ఆ పిమ్మటను దళిత వంటమనిషి చేతికూడు తమ పిల్లలు తినరాదని పెద్దలు ఆపిన వార్తలు దేశములో పలుచోట్లనుండి వచ్చుచునే ఉన్నవి. వంద సంవత్సరములలో తగవు నీటి కుండ దగ్గరనుండి అన్నపు గుండిగ దగ్గరకు జరిగినది.

ఇక తండాల మాట. నారాయణఖేడు సీమలో దీనికి మించిన విషయము లేదు. లంబాడీలు ఒకప్పుడు ఎద్దుల బిడారులపై ఉప్పు, ధాన్యము దేశమంతట మోసిన వర్తకులు. మొగలు సేనలు దక్కనుకు వచ్చినప్పుడు వానికి గ్రాసము చేరవేసినవారు. రైళ్లు వచ్చి వారి వృత్తిని మింగినవి. మెట్ట నేలలలో, గుట్టల వారలలో తండాలు వేసికొని నిలిచిపోయిరి. వారి భాషకు లిపి లేదు. బడిలో ఉపాధ్యాయుడు పలుకు తొలి మాట బిడ్డకు అర్థము కాదు. బిడ్డ పలుకు తొలి మాట ఉపాధ్యాయునికి అర్థము కాదు. ఈ ఇబ్బందిని గుర్తించి 1940లలోనే ఆదిలాబాదు జిల్లా మార్లవాయిలో గోండు పిల్లలకు గోండీలోనే వాచకములు కూర్చి, గోండు యువకులనే ఉపాధ్యాయులుగా తయారుచేసిరి. తండాలకు ఆ భాగ్యము పట్టలేదు.

చట్టము వారిని పిలిచిన తీరు ఇంకను విచిత్రము. ఆంధ్రప్రదేశము ఏర్పడిన పిదప కోస్తా, రాయలసీమలలోని సుగాలీలు, లంబాడీలు షెడ్యూల్డు తెగలవారు. తెలంగాణలోని లంబాడీలు కారు. ఒకే రాష్ట్రము, ఒకే జనము, రెండు లెక్కలు. 1976 నాటి సవరణ చట్టము 1977 జులైలో అమలులోనికి వచ్చిన పిమ్మటనే తెలంగాణ తండాలకు ఆ హోదా దక్కినది. సరిహద్దు దాటి కర్ణాటకకు పోయినచో అదే జనము షెడ్యూల్డు కులము. మహారాష్ట్రలో విముక్త జాతి. బీదరు వైపు ఒక అల్లుడు, దెగ్లూరు వైపు ఒక అల్లుడు ఉన్న నారాయణఖేడు తండా ముదుసలి మనుమలు ముగ్గురు మూడు బడులలో మూడు విధములుగా నమోదగుదురు. వారిలో ఒకనికి లభించు వసతి గృహపు చోటు, ఉపకారవేతనము మరియొకనికి లభింపకపోవచ్చును. 1956లో గీచిన గీత పలకమీద ఇట్లు పడినది.

హోదా వచ్చినది, బడియు వచ్చినది. అయినను 2011 జనగణనలో తెలంగాణ అక్షరాస్యత నూటికి 66 దాటగా, షెడ్యూల్డు తెగలలో అది సుమారు సగము దగ్గరనే ఆగినది. దీనికి ఈ సీమలో కారణము వెదుకుటకు దూరము పోనక్కరలేదు. నీటివసతి చాలని మెట్టభూమి. ఒక వానకాలపు పంట. పంట చేతికి వచ్చిన పిమ్మట, దసరా దీపావళుల నడుమ, తండాలకు తండాలే చెరకు నరుకుటకు బయలుదేరును. కొందరు జహీరాబాదు వైపు, కొందరు కర్ణాటక, మహారాష్ట్రల చక్కెర మిల్లుల వైపు. కాంట్రాక్టరు భార్యాభర్తలను ఒక జంటగా లెక్కకట్టి ముందే బయానా ఇచ్చును. తల్లిదండ్రులు ఇరువురును పోయినచో ఇంట మిగులునది ఎవరు? అవ్వయో తాతయో ఉన్నచో పిల్లలు నిలుతురు. లేనిచో బండి ఎక్కుదురు. చెరకు తోటలో పదేండ్ల పిల్ల చెల్లిని చూచుకొనును, వంట చేయును, చెరకు ఆకు కట్టలు మోయును. ఉగాదికి తిరిగి వచ్చునప్పటికి ఏడాది పరీక్షలు దరిదాపునకు వచ్చియుండును. హాజరుపట్టీలో పేరు మాత్రము చెరగదు. ఈ పిల్లను బడి మానినదందుమా? మానినది బడి కాదు, ఊరు.

ఇట్టి సీమకు మేలు చేసినది వసతితో కూడిన బడియే అని ఒప్పుకొనక తప్పదు. 1971లో నల్లగొండ జిల్లా సర్వేలులో గురుకుల విద్యకు అంకురము పడినది. 1980లలో సాంఘిక సంక్షేమ గురుకులములు వెలసినవి. నిజామాబాదు జిల్లా పాకాల గ్రామమునకు చెందిన మాలావత్ పూర్ణ అట్టి గురుకులమున చదువుచునే 2014 మే 25వ తేదీన, పదునాలుగేండ్లు నిండకమునుపే, ఎవరెస్టు శిఖరమెక్కినది. ఆమెతో కూడ అట్టి గురుకుల విద్యార్థియే ఆనందకుమార్ ఎక్కెను. పత్రికలు శిఖరమును చూచినవి. మాకు ముచ్చట గొలిపినది వేరొకటి. ఆ బడిలో ఆమెను గోనెపట్టాపై వేరుగా కూర్చుండబెట్టలేదు.

కాని భాగ్యరెడ్డి వర్మగారి బడులను గూర్చి కలిగిన సందేహమే ఇచటను మరల తలయెత్తును. గురుకులము దాదాపుగా ఒక వర్గపు పిల్లల బడి. ఊరిలోని సర్కారు బడియు నేడు అట్టిదే అగుచున్నది. కలిగినవారు తమ పిల్లలను బస్సు ఎక్కించి ప్రైవేటు బడికి పంపుచున్నారు. ధార్వాడ దొరలు 1856లో దేనికి భయపడిరో అది ఏ గొడవయు లేకుండనే జరిగినది: గడప తెరచుకొన్నది, తక్కిన పిల్లలు లేచిపోయిరి. గురుకులములు వద్దనుట మా ఉద్దేశము కాదు. తన నీడ తాను కట్టుకొన్నవానిని చూచి, ఇక వానికి ఊరిలో చోటు అక్కరలేదని ఊరు చేతులు దులుపుకొనరాదు.

2018 పంచాయతీరాజ్ చట్టము తరువాత అయిదు వందల జనాభా గల తండాలు గ్రామపంచాయతీలయినవి. నారాయణఖేడు చుట్టుపక్కల తండాలలో ఇప్పుడు సర్పంచులు తండావారే. బడి సంగతి అడుగుటకు వారు ఇంకొకరి చావడికి పోనక్కరలేదు. వారు ముందుగా అడుగవలసినది ఒకటి కలదు. వలస పోవువారి పిల్లల నిమిత్తము ఊరిలోనే నడపు ఋతుకాల వసతి గృహములు కాగితముపై ఎప్పటినుండియో ఉన్నవి. కాంట్రాక్టరు బయానా ఇచ్చునది దసరాకు ముందు. వసతి గృహము తలుపు తీయవలసినదియు అప్పుడే. దీపావళి దాటి తీసినచో అప్పటికి పిల్లలు బండిలో ఉందురు.